నా చైనా గ్రాసు, అత్తయ్య అరబ్బీ

పోయిన నెలలో సత్యవతి అత్తయ్య మా ఇంటికి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా మా గుమ్మం తొక్కని మనిషి, మనవరాలి భుజం పట్టుకుని మెట్లెక్కి, చెప్పాపెట్టకుండా వచ్చి నా కుర్చీలో కూర్చుంది. మనవరాలి పేరు హారిక. కాకినాడలో ఉంటుంది. ఇంట్లోనే స్వీట్లు చేసి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని అమ్ముతోందట. పాలు, నెయ్యి, గుడ్డు ఏవీ తగలనివ్వదట. "వీగన్ స్వీట్లు అంటారు వీటిని. జెలటిన్ వాడకూడదు, అది ఎముకల్లోంచి తీసేది కదా. మా అమ్మమ్మ బహ్రెయిన్లో ఉన్నప్పుడే చైనా గ్రాసుతో కొబ్బరిపాల స్వీటు కనిపెట్టిందంట. ఇప్పుడు కొలతలు గుర్తు లేవంట. నువ్వు పక్కనుండి చూశావంట కదా, నిన్నడగమంది" అంది ఆ పిల్ల, కాగితం, కలం పట్టుకుని.

అత్తయ్య వంక చూశాను. ఆమె ఫ్యాను వంక చూస్తోంది. ఇద్దరికీ కాఫీ ఇచ్చి, "నాకూ గుర్తు లేవమ్మా" అన్నాను. పత్రికలకు పదిహేనేళ్లు వంటల శీర్షిక రాసినదాన్ని కదా, ఆ పిల్ల నమ్మలేదు. నమ్మాలని నేను చెప్పలేదు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర అత్తయ్య ఒక్క క్షణం ఆగి, "ఇంకా ఆ ముక్క కడుపులో పెట్టుకునే ఉన్నావటే వరాలూ?" అంది. "ఉన్నాను" అని గేటు వేశాను. అన్నేళ్ల శీర్షికలో ఆ ఒక్క స్వీటూ ఎందుకు రాయలేదని నన్ను నేను ప్రశ్నించుకున్నది ఆ సాయంత్రమే. రాస్తే దాని వెనకున్నదంతా రాయాలి. సరే, రాస్తున్నాను.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. అత్తయ్య మా నాన్నకు పెదనాన్న కూతురు. మా కోనసీమ పల్లె నుంచి బహ్రెయిన్ వెళ్లిన ఆడవాళ్లలో ముందు మనిషి ఆమే. బుదైయాలో ఒక పెద్ద ఇంట్లో పదకొండేళ్లుగా వంట చేస్తోంది. ఇంటిపనికి ఇంకో మనిషి కావాలంటే నాకు వీసా తెప్పించింది. అందుకు మా అమ్మానాన్నా ఆమెను దేవతలా చూశారు. నేనూ అలాగే చూశాను, ఆరు నెలల పాటు.

ఆ ఇంటి చుట్టూ ఖర్జూరపు తోటలు. గేటు దాటితే మట్టివాసన, పేడవాసన, ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. కళ్లు మూసుకుంటే మా ఊరే. లోపలికొస్తే మాత్రం ఏసీ చల్లదనం, బొగ్గుల మీద వేసే ఊదు పొగ, వంటింట్లో ఎండు నిమ్మకాయల చేదువాసన. పొద్దున్నే లేచి వాకిలి కడగాలి, ఎనిమిది గదులు తుడవాలి, స్నానాల గదులు రుద్దాలి, మధ్యాహ్నానికి ఇస్త్రీ. ఇంటావిడను మామా అనేవాళ్లం, ఆయనను బాబా. మామాకు తల్లి ఉండేది, కాళ్లు పడిపోయి కిటికీ పక్కన మంచం మీదే ఉండే ముసలావిడ. ఆమెను పెద్ద మామా అనేవాళ్లం. అత్తయ్య ఆమెను రెండు చేతులతో పసిపిల్లలా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేది, స్నానం చేయించేది. అబద్ధం ఎందుకు, ఆ పని అత్తయ్యలా మరెవరూ చేయలేరు. అత్తయ్య బలమంతా ఆ చేతుల్లో ఉండేది. ఆ బలంతోనే ఆ ఇంట్లో నిలబడింది.

పెద్ద మామాకు తీపి అంటే ప్రాణం. పాలు పడవు, తాగితే పొట్ట ఉబ్బి రాత్రంతా మూలిగేది. నెయ్యి, గుడ్డు డాక్టరు మాన్పించేశాడు. పిల్లల కోసం తెచ్చే పొట్లాల జెల్లీ పెడదామంటే ముట్టుకునేది కాదు. అందులో జెలటిన్ ఉంటుంది, అది ఏ జంతువు ఎముకల్లోంచి తీశారో, పందిదే అయితే ఎలా అని ఆమె భయం. పొట్లం మీద రాసి ఉండేది కాదు. అడిగితే చెప్పేవాళ్లు ఉండేవారు కాదు. ప్రతి తీపినీ చేతిలోకి తీసుకుని "ఇందులో ఏముంది?" అని అడిగాకే నోట్లో పెట్టుకునేది. అత్తయ్యకు ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండేది. "ముసిల్దానికి తిండి పెట్టేటప్పుడు కూడా కోర్టులో చెప్పినట్టు చెప్పాలే" అనేది నాతో తెలుగులో, నవ్వుతూనే.

మా అమ్మ ఇంట్లో పాలగుండ తీసేది. దుంపలు తురిమి, గుడ్డలో కట్టి నీళ్లలో పిండి, తెల్లగా దిగిన గసిని ఏడు నీళ్లు మార్చి ఎండబెట్టేది. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా, విరేచనాలైనా మా ఇంటికే వచ్చేవారు. పాలగుండ జావ కాసేటప్పుడు గరిటె ఎక్కడ ఆగితే అక్కడ ఉండ కడుతుందని చిన్నప్పటి నుంచీ నా చేతికి తెలుసు. పెద్ద మామా మూలుగు వినలేక, నాకు తోచినవన్నీ కొబ్బరిపాలతో చేసి చూశాను. మొక్కజొన్న పిండితో చేస్తే పచ్చివాసన. ఎక్కువసేపు ఉడికిస్తే జిగురు. సగ్గుబియ్యం రుచిగానే వచ్చింది గాని పళ్లు లేని నోటికి జారకుండా చిగుళ్లకు అంటుకునేది. అప్పుడు డ్రైవరు మల్లేశన్నను అడిగాను. నిజామాబాద్ వైపు మనిషి, ఆ ఇంట్లో మాతోపాటు తెలుగు మాట్లాడే ఒకే ఒక్కడు. మనామాలో మనవాళ్ల దుకాణంలో చైనా గ్రాసు దొరుకుతుందేమో చూడమన్నాను. "గడ్డి తెమ్మంటవేంది చెల్లె, మ్యాకలు సాదుతున్నవా?" అని నవ్వి, తెచ్చాడు. ఎండిన గడ్డిపోచల్లా తెల్లగా, తేలిగ్గా ఉన్న పొట్లం. సముద్రపు నాచు నుంచి తీసేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నేను తర్వాత ఉన్న బుసైతీన్ ఊరి ఒడ్డున సముద్రం వెనక్కి తగ్గినప్పటి వాసన కొంచెం వేసేది.

ఆ పోచలను కత్తెరతో చిన్నచిన్నగా కత్తిరించి, చన్నీళ్లలో నానబెట్టి, సన్నని మంట మీద ఒక్క పోచ కూడా కనిపించనంత వరకు కరిగించాలి. తొందరపడకూడదు. పక్క పొయ్యి మీద కొబ్బరిపాలు వేడి చేసుకోవాలి, మరగనివ్వకూడదు, విరిగిపోతాయి. వేడిదీ వేడిదీ కలపాలి. చన్నీళ్లలాంటి కొబ్బరిపాలు పోశామా, చైనా గ్రాసు అక్కడికక్కడే బిగిసి తుంపులు తుంపులైపోతుంది. ఖర్జూరపు పాకం, యాలకులు, చివర్లో నాలుగు చుక్కల పన్నీరు, అదే గులాబీ నీళ్లు, దానితో నాచువాసన పోతుంది. గిన్నెల్లో పోసి అలా వదిలేస్తే చాలు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, వంటింటి గట్టు మీదే గడ్డకడుతుంది. ఎండలో పెట్టినా కరగదు. మొదటిరోజు పెద్ద మామా చెంచాతో తట్టి, వణుకుతున్న ముక్కను చూసి, "ఇందులో ఏముంది?" అంది. అత్తయ్యే అరబ్బీలో చెప్పింది, సముద్రంలో మొలిచేది, కొబ్బరి, ఖర్జూరం అని. ముసలావిడ గిన్నె ఖాళీ చేసి, పదివేళ్లూ ముద్దు పెట్టుకుని ఏదో అంది. "ఏమందత్తా?" అన్నాను. "నా చేతులు చల్లగుండాలంది" అంది అత్తయ్య.

నా చేతులు అని అత్తయ్య అన్నది తన చేతుల గురించే. నాకది అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది. ఇంటికొచ్చే చుట్టాలందరికీ అది సత్యవతి చేసే స్వీటు. వాళ్ల ముందు నన్ను వంటింట్లోంచి పంపేసేది. "నీకెందుకే పేరు? నేను గట్టిగా ఉంటేనే నువ్వుండేది" అంది ఓసారి. అదీ నిజమేననుకుని ఊరుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మామా స్నేహితురాళ్లను పిలిచింది. పన్నెండు మంది. ఆరోజు మేడ మీద గదులన్నీ కడగమని నన్ను పంపి, స్వీటు అత్తయ్యే చేసింది. నేను బట్టలు తీసుకుని కిందికి వచ్చినప్పుడు వంటింటి తొట్టిలో తుంపులు తుంపులుగా పడి ఉన్న కొబ్బరిపాలు చూశాను. చల్లటి పాలు పోసేసిందని చూడగానే తెలిసింది. చైనా గ్రాసు పొట్లం ఖాళీ. అత్తయ్య నుదురంతా చెమట. గట్టు మీద చిన్న అట్టపెట్టె ఉంది, మామా ఏదో విదేశీ కేకు కోసం కొని పక్కన పడేసిన జెలటిన్ పొడి. "అత్తా, అది పెద్ద మామా తినదు కదా" అన్నాను. "పైకెళ్లు" అంది. "ఇంకోటి చేద్దాం అత్తా, సగ్గుబియ్యం ఉన్నాయి." "పైకెళ్లమన్నానా? నోరు మూసుకుని చెప్పింది చెయ్యి!" వెళ్లాను. అప్పుడు నేరుగా పెద్ద మామా గదిలోకి వెళ్లి ఉండాల్సింది. వెళ్లి ఏం చెప్పేదాన్ని? నాకు వచ్చిన అరబ్బీ యల్లా, ఖలాస్, మాఫీ, అంటే పద, అయిపోయింది, లేదు. ఇంకొక్కటి, అత్తయ్య మొదటిరోజే నేర్పించిన మాట, ఆసిఫా. అంటే తప్పయింది, క్షమించండి అని. "ఏం జరిగినా ముందు ఇది అనెయ్యి" అని చెప్పింది.

ఆడవాళ్లు కూర్చునే హాల్లో ఏసీ ఆగిపోయింది. ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టిన గిన్నెలు కబుర్లలో అలా ఉండిపోయాయి. పెద్ద మామా మాత్రం ముందే, అత్తయ్య చేతి మీదుగా, అడగాల్సిన ప్రశ్న అడిగి, పాత జవాబే విని, తినేసింది. మిగిలినవాళ్లు చెంచాలు తీసుకునేసరికి గిన్నెల్లో పాలు తప్ప ఏమీ లేవు. వాళ్లలో ఒకావిడ ఆడపిల్లల బడిలో వంట నేర్పే టీచరు. చెంచాతో కలిపి చూసి, ఇది నాచు కాదు, నాచయితే ఈ వేడికి కరగదు, ఇది జెలటిన్ అంది. ఆ సంగతి తర్వాత మల్లేశన్న చెబితే తెలిసింది. ఆ క్షణంలో నాకు వినిపించింది పెద్ద మామా కేక ఒక్కటే. వేళ్లు గొంతులో పెట్టుకుని కక్కుకుంటోంది.

నన్ను పిలిచారు. హాల్లో పన్నెండు మంది ఆడవాళ్ల మధ్య నిలబెట్టారు. మామా ముఖం ఎర్రబడిపోయింది. నన్నేదో అడిగింది. నాకు అర్థం కాలేదు. అత్తయ్య నా పక్కన నిలబడి తెలుగులో అంది, మెల్లగా, ముద్దుగా: "ఆ పెట్టె ఎవరు తీశారంటంది."

"నువ్వే కదత్తా తీశావు. నేను పైన ఉన్నాను. నేను ముట్టుకోలేదని చెప్పు" అన్నాను.

అత్తయ్య మామా వైపు తిరిగి అరబ్బీలో చెప్పింది. పొడుగ్గా చెప్పింది. ఆ మాటల్లో నాకు తెలిసిన మాట ఒకే ఒక్కటి వినిపించింది. ఆసిఫా.

"ఏం చెప్పావు? అలా చెప్పమన్లేదు! నేను కాదు!" అని అరిచాను. ఆ గదిలో నా భాష తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మామా మళ్లీ ఏదో అడిగితే ఆమె తల వంచుకుని, నా అరుపును కూడా తర్జుమా చేసింది. ఆడవాళ్లు నాలుకలు చప్పరించి, జాలిగా తలలు ఊపారు. నేను ఏడుస్తూ కాళ్లు పట్టుకుని బతిమాలుతున్నానని చెప్పిందట. అదీ మల్లేశన్నే చెప్పాడు, గుమ్మం బయట ఉండి విన్నాడు. లోపలికొచ్చి ఎందుకు చెప్పలేదని ఆయన్నీ అడిగాను. "ఆడోళ్లున్న కాడికి నేనెట్ల వస్త చెల్లె. వస్తే నా పాస్‌పోర్టు చేతిల పెట్టి పంపుతరు" అన్నాడు. మంచివాడే. మంచివాళ్లు ఆ ఇంట్లో అలాగే ఉండేవారు.

ఆరు నెలలు నేను చేసింది ఆమెదయింది. ఆమె చేసిన ఒక్కరోజుది నాదయింది. ఆ సాయంత్రం వంటింట్లో నేలమీద కూర్చుని అడిగాను, "ఎందుకు చేశావత్తా?" అని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండా అంది: "నన్ను పంపేస్తే నా పిల్లలిద్దరి చదువూ ఆగిపోద్ది. నిన్ను పంపేస్తే ఏటవుద్ది? అమ్మ దగ్గరికెళ్తావు. ఏడవకు, నీకేం కాకుండా నేను చూత్తాను." ఆ చివరి మాట మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. పిల్లల కోసం చేశానన్నంత వరకు విని ఉంటే, ఏదో ఒకనాటికి క్షమించేదాన్నేమో. నేను చూత్తాను అంది. నన్ను తోసేసిన చేత్తోనే పట్టుకుంటానంది.

మర్నాడు పొద్దున అత్తయ్య స్నానానికి వెళ్లగానే, ముందు రాత్రి మల్లేశన్న తెచ్చిస్తే నా సంచిలో దాచుకున్న చైనా గ్రాసు పొట్లం తీసి ఒక్క గిన్నె చేశాను. గడ్డకట్టాక పెద్ద మామా గదికి తీసుకెళ్లి, ఎండ పడుతున్న కిటికీ గట్టు మీద పెట్టి, పక్కన నిలబడ్డాను. ఆమె నన్ను, గిన్నెను చూస్తోంది. చాలాసేపు. గిన్నెలోది కరగలేదు. చేయి చాపితే ఇచ్చాను. ఒక్క చెంచా తిని, కళ్లు మూసుకుని, రెండో చెంచా తింది. ఈసారి ఇందులో ఏముందని అడగలేదు. నా మణికట్టు పట్టుకుని నొక్కింది. తెలిసిందనుకున్నాను. ఇక పిలుస్తారు, చెబుతారు అనుకుంటూ మధ్యాహ్నం వరకు గది గుమ్మం వైపు చూస్తూనే పని చేశాను.

మధ్యాహ్నం మల్లేశన్న వచ్చి, సామాను సర్దుకోమన్నాడు. బుసైతీన్‌లో మామా చెల్లెలి ఇంటికి పంపుతున్నారు. కారులో నేను ఏడుస్తుంటే, గల్ఫంతటినీ దుబాయనే పిలిచే ఆయన, "ఏడిస్తే ఏమొస్తది? మాట నేర్సుకో. దుబాయిల మాట రానోని తరఫున ఇంకోడు మాట్లాడుతడు, వానికి నచ్చినట్టు మాట్లాడుతడు" అన్నాడు.

బుసైతీన్ ఇంటికి నాకంటే ముందే నా కథ చేరింది. ముసలావిడకు పంది తినిపించిన పిల్ల. నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. నా గ్లాసు, నా కంచం గట్టు మీద విడిగా ఉండేవి. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే విమానాలు తలకు తగులుతాయేమో అన్నంత కిందుగా దిగేవి. ఒక్కొక్క విమానం చప్పుడుకీ ఒక్కొక్క అరబ్బీ మాట పైకి అనుకునేదాన్ని. ఇంట్లో పిల్లల బడిపుస్తకాలు, టీవీలో సీరియళ్లు, ఫోన్లో వాళ్ల గొడవలు, అన్నీ నాకు పాఠాలే. కోపం మీద నేర్చుకున్న చదువు మర్చిపోవడం కష్టం. ఇప్పటికీ ఎవరైనా నా వెనక అరబ్బీలో మాట్లాడితే తల దానంతటదే తిరుగుతుంది. ఏడాదిన్నర తర్వాత అక్కడి వంటమనిషి వెళ్లిపోయింది. కొత్తమనిషి దొరికే వరకని నన్ను పొయ్యి దగ్గరికి పంపారు. ఎవరూ దొరకలేదు.

ఇప్పుడు హారికలాంటి పిల్లలు పొట్లం తిప్పి చదువుతారు. ఆకుపచ్చ చుక్క ఉందా, ఇందులో ఏ జంతువైనా కలిసిందా, ఎక్కడ తయారైంది అని అడుగుతారు. మంచిదే. పెద్ద మామా బతికుంటే మురిసిపోయేది. అప్పుడు మేం చీటీ లేని పొట్లాలతో, ఒకరి మాట మీద ఒకరు బతికాం. ఆ మాట అబద్ధమైతే కక్కుకున్నది ఒకరు, తిట్లు తిన్నది ఇంకొకరు. వీగన్ అన్న ముద్ర చూసి జనం ఎంత తేలిగ్గా నమ్ముతున్నారో చూస్తే నాకు నవ్వొస్తుంది, అంత మంచి నవ్వేం కాదు. ప్రాణికి హాని చేయని స్వీటు అని ఆ పిల్ల ఎంతో నిజాయితీగా చెబుతుంటే విన్నాను. నా చైనా గ్రాసు స్వీటులో ప్రాణి లేదు, నిజమే. హాని లేదని మాత్రం నేను సంతకం పెట్టలేను.

బుసైతీన్‌కు వచ్చిన రెండో ఏడు, పండగకు పెద్ద మామాను తీసుకొచ్చారు. అత్తయ్య రాలేదు, బుదైయాలో వంట ఉంది. హాలు నిండా చుట్టాలు, కూతుళ్లిద్దరూ అక్కడే. ముసలావిడను లోపలి గదిలో పడుకోబెట్టారు. నన్ను గుర్తుపట్టింది. ఆ స్వీటు చేస్తావా అని అడిగింది. చేశాను. వేడిదీ వేడిదీ కలిపి, తొందరపడకుండా, ఎప్పటిలా చేశాను. ఆమె పక్కన కూర్చున్నాను, గిన్నె ఆమె చేతిలో పెట్టాను. సగం తిన్నాక అరబ్బీలో అడిగాను. నా నోట అంత చక్కని అరబ్బీ విని ఆమె చెంచా ఆగిపోయింది.

"ఆరోజు తప్పు నాది కాదని మీకు తెలుసా?"

"తెలుసు," అంది. దాచలేదు. "మర్నాడు పొద్దున నీ గిన్నె తిన్నప్పుడే తెలిసింది. అంతకుముందు తిన్నవన్నీ నీ చేతివేనని కూడా తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఆమె తన కాళ్ల వంక చూసుకుంది. "నన్ను ఎత్తేది సత్యవతి. కడిగేది సత్యవతి. ఆమె పోతే నన్ను ఎవరు చూస్తారు? నువ్వు చిన్నదానివి, ఎక్కడైనా బతుకుతావు."

అత్తయ్య మాటే. భాష మారింది, అంతే. "ఇప్పుడు చెప్పండి," అన్నాను. "మీ కూతుళ్లిద్దరూ హాల్లోనే ఉన్నారు. పిలుస్తాను. ఒక్కసారి చెప్పండి చాలు, ఈ పిల్ల చేయలేదని. సత్యవతిని పంపెయ్యమనను. నా కంచం విడిగా పెట్టడం మానేస్తే చాలు."

ముసలావిడ గోడ వైపు చూసింది. "ఖలాస్, బింతీ," అంది. అయిపోయింది కదా, వదిలెయ్యి అమ్మాయీ అని. తర్వాత మళ్లీ చెంచా గిన్నెలో పెట్టబోయింది.

ఆ గిన్నె నేను తీసేసుకున్నాను. లాక్కోలేదు. చేతిలోంచి మెల్లగా తీసుకున్నాను, చెంచా ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆమె అరవలేదు, ఎవరినీ పిలవలేదు. కాళ్లు పడిపోయిన మనిషి చేతిలోంచి తిండి తీసుకోవడం పాపమని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. పశ్చాత్తాపం వస్తుందేమోనని ఏళ్ల తరబడి చూశాను. రాలేదు.

వంటింట్లోకి వెళ్లి, తలుపు వేసి, ఆ ఇంటివాళ్లు కూర్చునే కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాను. ఇంకో చెంచా తీసుకుని మిగిలిన సగం తిన్నాను. ఆర్నెల్లు బుదైయాలో, రెండేళ్లు బుసైతీన్‌లో, నా చేత్తో చేసిన తీపిని నేను కూర్చుని తినడం అదే మొదలు. బాగానే కుదిరింది. పన్నీరు ఒక్క చుక్క ఎక్కువైంది.